తిరిగిన చక్రమునకే లాభము

విద్యుత్తుతో నడచు బండిని కొనదలచినవాడు, అతడు జూబ్లీహిల్సులో కారు కొనువాడైనను, గుంటూరు బ్రాడీపేటలో స్కూటరు కొనువాడైనను, మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "గిట్టుబాటవుతుందా?" ఈ ప్రశ్నకు అమ్మువాడు ఒక లెక్క చెప్పును, కొని వాడుచున్న పొరుగువాడు వేఱొక లెక్క చెప్పును, వాడి విసిగి అమ్మివేసిన బంధువు మఱియొక లెక్క చెప్పును. మూడును ఒకదానితో ఒకటి పొసగనివైనను మూడును నిజములే కావచ్చును. ఏలయనగా, ఈ వాహనపు లాభనష్టములను నిర్ణయించునది దాని ధర కంటె ఎక్కువగా అది దినమునకు ఎన్ని కిలోమీటర్లు తిరుగును, రాత్రి ఎచ్చట విశ్రమించును, ఎవరి మీటరునుండి కరెంటు తీసికొనును అను మూడు విషయములు. నేను కొన్నియేండ్లుగా విద్యుత్కారు నడుపుచున్నవాడను. దానియందు నాకు గల ప్రీతిని దాచుకొనను. కాని ప్రీతి కొఱకు లెక్కను వంచుట తగదు గనుక, రెండింటిని దేనికి దానిని వేఱుగా ఉంచి చెప్పుటకు యత్నించెదను.

పెట్రోలు బండి తన ఖర్చును దినదినమును కొంచెము కొంచెముగా వసూలు చేయును. నేడు రెండువందలు, ఎల్లుండి మూడువందలు. బంకు కడ జేబునుండి జారిపోవు ఆ నోట్లను ఏ గృహస్థుడును సంవత్సరాంతమున కూడి చూడడు. విద్యుద్వాహనపు రీతి వేఱు. అది రాబోవు అనేక సంవత్సరముల ఇంధనపు వెలలో పెద్దభాగమును బ్యాటరీ రూపమున ముందే అడిగి పుచ్చుకొని, పిమ్మట కొద్దిపాటి కరెంటు ఖర్చుతో తృప్తిపడును. కోతలనాడే ఏడాది గ్రాసమును కొని గాదెలో పోసికొనగల కలిగినవానికి బియ్యము చవుకగా పడుటయు, ఏ పూటకాపూట కొట్టుకు పోయి సోలెడు గిద్దెడు కొనుక్కొను కూలివానికి ఆ బియ్యమే ప్రియమగుటయు మన పల్లెలలో అందఱు ఎఱిగినదే. ఈ బండి విషయమునను న్యాయమదియే: ముందు పెట్టగలవానికి మీదట మిగులు. అయితే గాదె నింపినవాడు ఆ గింజలను తినవలెను గదా! తినక పురుగు పట్టనిచ్చినచో పెట్టిన ధనమును, దానిపై రావలసిన వడ్డీయు రెండును పోయినట్లే.

స్కూటరు లెక్కను తీసికొందము. మన దేశమున ఈ మార్పు ముందుగా ప్రవేశించినది రెండు చక్రముల, మూడు చక్రముల బండ్లయందే గదా. హైదరాబాదులో పెట్రోలు లీటరు 107 రూపాయలకు పైబడియున్న 2025 నాటి వెలను బట్టి చూడగా, లీటరుకు 45 కిలోమీటర్లు నడచు స్కూటరునకు కిలోమీటరు ఒక్కింటికి సుమారు 2 రూపాయల 40 పైసలు పడును. విద్యుత్ స్కూటరో, చార్జింగులో పోవు నష్టమును కలుపుకొనియు, గోడ సాకెట్టునుండి తీసికొన్న ఒక యూనిట్టుకు 25 మొదలు 30 కిలోమీటర్ల వఱకు పోవును. యూనిట్టు 8 రూపాయలనుకొన్నను కిలోమీటరుకు సుమారు 30 పైసలే పడును. అనగా తిరిగిన ప్రతి కిలోమీటరుకును రెండు రూపాయలు మిగులు. కొనునప్పుడు అదనముగా పెట్టవలసినది 30,000 రూపాయలనుకొందము. రోజునకు పది కిలోమీటర్లు ఆఫీసుకు పోయివచ్చు ఉద్యోగి సంవత్సరమున 3,000 కిలోమీటర్లు తిరిగి, 6,000 రూపాయలు మిగిల్చి, ఐదేండ్లకు గాని ఆ ధనమును రాబట్టుకొనజాలడు. ఇంటింటికి భోజనము చేరవేయు కుఱ్ఱవాడు రోజునకు నూఱు కిలోమీటర్లు తిరుగును. సంవత్సరమున 300 దినములు పనిచేసినచో అతని మిగులు 60,000. అతనికి ఆఱు నెలలలో ఋణము తీరిపోవును. అతని బ్యాటరీ కూడ త్వరగా అలసిపోవునన్నది నిజమే. అయినను అది అలసిపోవు నాటికి అతడు పెట్టినదానికి ఎన్నో రెట్లు రాబట్టుకొనియుండును.

కారు లెక్కయు ఇట్టిదే, అంకెలు మాత్రము పెద్దవి. ఇంటి కరెంటుతో కిలోమీటరుకు రూపాయి పావలా ప్రాంతమున పడును. రహదారి ప్రక్కనున్న ఫాస్టు చార్జింగు కేంద్రములో యూనిట్టు ఇరువది రూపాయలైనచో మూడు రూపాయలగును. పెట్రోలు కారుకు ఏడు రూపాయలు. ప్రభుత్వము 2019 ఆగష్టునుండి ఈ వాహనములపై జీఎస్టీని 5 శాతమునకు దించినది. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు చివఱివఱకు మినహాయించినది. ఇవి అన్నియు కలిసి ధరలోని అంతరమును తగ్గించినవే గాని తుడిచివేయలేదు. నెలకు రెండుమాఱులు గుడికో పెండ్లికో తీసి, తక్కిన దినములలో గుడ్డ కప్పియుంచు కారును కేవలము ఆదా కొఱకు కొనువాడు ఆ ఆదాను ఎన్నటికిని చూడడు. మొదటి విద్యుత్కారు ఇట్టి అరుదైన ప్రయాణముల కొఱకు గాక ఆఫీసు రాకపోకల కొఱకు ఇల్లు చేరుటయే శుభమని నా అభిప్రాయము.

రూపాయలలో చెప్పజాలని సుఖములు కొన్ని గలవు. వానిని గుఱించి కొంత తీరికగా చెప్పవలసియున్నది. 2022 సెప్టెంబరునుండి తిరుపతి తిరుమలల నడుమ ఆర్టీసీవారి విద్యుత్ బస్సులు తిరుగుచున్నవి. అందు కూర్చుండి ఘాటు రోడ్డున దిగివచ్చినవాడు ఈ యంత్రపు మర్మమును ఏ పుస్తకము చదువకయే గ్రహింపగలడు. డీజిలు బస్సు కొండ దిగునప్పుడు బ్రేకులు కాలిన వాసన, ఇంజను మూలుగు, మలుపు మలుపునకు ఒడలు అదరుట ఉండెడివి. కొండపైకి ఎక్కుటచే బస్సునకు చేకూరిన శక్తి చాలవఱకు దిగునప్పుడు బ్రేకు డ్రమ్ములలో వేడియై గాలిలో కలిసిపోయెడిది. ఈ బస్సు దిగునప్పుడు మోటారే జనరేటరుగా మారి, చక్రముల వేగమును పట్టి ఆపుచు, ఆ శక్తిలో కొంతభాగమును మరల బ్యాటరీకి చేర్చును. డ్రైవరు పాదము ఎత్తినంతనే బస్సు మృదువుగా బిగిసి నెమ్మదించును. ఆయన యెదుటి పలకపై చార్జి అంకె తగ్గుటకు మాఱుగా ఒకటి రెండు అంకెలు పెరుగును. ఖర్చు చేసినది తిరిగి చేతికి వచ్చుట యంత్రములలో అరుదైన గుణము. పెట్రోలు ఇంజను తాను త్రాగిన ఇంధనములో సుమారు మూడువంతులు వేడిగా పాఱవేసి నాల్గవవంతుతో మాత్రమే చక్రమును త్రిప్పును. విద్యుత్ మోటారు తనకందిన శక్తిలో నూటికి ఎనుబదియైదు తొంబది పాళ్లు చక్రమునకే సమర్పించును.

ఇక నిశ్శబ్దము. అమీర్‌పేట కూడలిలో ఎఱ్ఱదీపము కడ వందలాది బండ్లు గుఱగుఱలాడుచు, కదలకయే చమురు కాల్చుచు నిలుచుండగా, వాని నడుమ ఈ బండి ఏమియు కాల్చక, ఏమియు విడువక నిలుచును. తెల్లవాఱుజామున పసిబిడ్డ నిద్రించుచున్న ఇంటి గుమ్మమునుండి ఎవరిని లేపక బయలుదేరవచ్చును. ఇది చిన్న సుఖము కాదు. చెవులకు అలవాటైపోయిన మ్రోత ఆగినప్పుడు గాని అది మనలను ఎంత అలయించుచుండెనో తెలియదు.

ఈ వాహనము నిన్న మొన్న పుట్టినది కాదు. 1899లోనే కమీల్ జెనాట్సీ అను బెల్జియము దేశీయుడు పారిస్ చెంత విద్యుత్కారుపై గంటకు 100 కిలోమీటర్ల వేగమును దాటెను. పెట్రోలు కారును పిడి త్రిప్పి లేపవలసిన ఆ దినములలో విద్యుత్కారు సుకుమారుల వాహనముగా అమెరికా నగరములలో మన్నన పొందెను. 1912లో కాడిలాక్ కారునకు చార్లెస్ కెట్టరింగు అమర్చిన సెల్ఫ్ స్టార్టరు ఆ పిడి శ్రమను తొలగించుటతో పెట్రోలుబండికి తిరుగులేకపోయెను. ఆ స్టార్టరు స్వయముగా చిన్న విద్యుత్ మోటారే. తరువాత ఇంచుమించు ఎనుబదియేండ్లు విద్యుత్కారునకు లేనిది తేలికయైన బ్యాటరీయే. 1991లో లిథియము అయాను బ్యాటరీ బజారునకు వచ్చెను. మన బెంగుళూరునుండి 2001లో రేవా కారు వచ్చెను గాని అదియు తొలుత సీసపు బ్యాటరీతోనే నడచినది.

ఇప్పుడు బండి రాత్రి విశ్రాంతిస్థానమును గుఱించి చెప్పెదను. నా దృష్టిలో విషయమంతయు ఇచ్చటనే యున్నది. సొంత ఇల్లు, సొంత మీటరు, గుమ్మము ముందు కారు పెట్టుకొను చోటు గలవానికి ఈ బండి వరము. అయినను అతడు ముందు ఎర్తింగు చూచుకొనవలెను. పాతయిండ్లలో ఎర్తు తీగె పేరునకే యుండును; ఎర్తు సరిగా లేనిచో కారు చార్జరు ఎఱ్ఱదీపము చూపి కరెంటు పుచ్చుకొననని మొండికేయును. అప్పుడు ఎలక్ట్రీషియను వచ్చి, పెరటిలో గొయ్యి త్రవ్వి, పైపు దింపి, దానిచుట్టు బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా పోసి, వేసవిలో అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పోయుచుండుమని చెప్పిపోవును. మన తాతలనాటి బోరు మోటారుకు చేసిన ఆ ఏర్పాటే నేటి అధునాతన శకటమునకును ఆధారమగుట నాకు సంతోషము కలిగించును.

అద్దెయింటివాని కథ వేఱు. మా అపార్టుమెంటులో మూడవ అంతస్తున అద్దెకున్న ఒక యువకుడు సరుకులు చేరవేయు పనికై విద్యుత్ స్కూటరు కొనెను. సెల్లారులో సాకెట్టు ఇమ్మని అసోసియేషనువారిని అడుగగా, "అగ్గి పుడితే జవాబుదారీ ఎవరు?" అని త్రోసిపుచ్చిరి. అతడు తన బాల్కనీనుండి తీగె క్రిందికి వ్రేలాడదీసి, వానచినుకులు పడకుండ ప్లగ్గునకు పాలితీను సంచి చుట్టి, రాత్రులు చార్జింగు పెట్టుకొనుచుండెను. పొరుగువారు ఆక్షేపింపగా అదియు ఆగిపోయెను. రోజునకు నూఱు కిలోమీటర్లు తిరుగువాడు, అనగా ఈ వాహనమువలన అందఱికంటె ఎక్కువ లాభము పొందవలసినవాడు, ఇంటి కరెంటునకు నోచుకొనక బజారు కేంద్రములో మూడింతల వెల పెట్టి కొనుచున్నాడు. ఇంతకంటె బాధాకరమైన చిక్కు మఱియొకటి గలదు. తెలంగాణలో గృహజ్యోతి పథకము క్రింద అర్హులైన కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వఱకు బిల్లు లేదు. ఆ మేర దాటినచో ఆ నెల బిల్లంతయు కట్టవలెను. 180 యూనిట్లు వాడుకొను పేదయింటికి స్కూటరు త్రాగు 35 యూనిట్లు తోడైనచో, ఆ స్కూటరు ఖర్చు 35 యూనిట్ల వెల గాక 215 యూనిట్ల వెలగా పరిణమించును. ఏ కంపెనీ కరపత్రములోను ఈ లెక్క కనబడదు.

అసోసియేషనువారి భయము నిరాధారమని నేననను. 2022 ఏప్రిలులో నిజామాబాదులోను, విజయవాడలోను ఇంటిలో ఉంచిన స్కూటరు బ్యాటరీలు ప్రేలి మనుష్యులు మరణించిరి. ఆ వార్తలు మనకు దూరపు వార్తలు కావు. ఆ పిమ్మట కేంద్రము బ్యాటరీల భద్రతా ప్రమాణములను కఠినతరము గావించినది. మన వైపు మే నెల ఎండ బ్యాటరీలకు శత్రువు. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల నలువదియైదు డిగ్రీల వేడిలో తిరిగివచ్చిన బండిని వెంటనే చార్జింగు పెట్టక, చల్లాఱనిచ్చి పెట్టుట, విడదీయదగు బ్యాటరీని పడుకగదిలోనికి తేకుండుట, కంపెనీ చార్జరునే వాడుట ప్రాణరక్షణకు సంబంధించిన నియమములు. కాని ఈ భయమునకు తగిన చికిత్స తీగెను నిషేధించుట కాదు; సరియైన తీగెను, ఎంసీబీని, ఎర్తింగును ఇచ్చుటయే. దొంగచాటు ఎక్స్‌టెన్షను తీగెయే ప్రమాదమునకు తొలిద్వారము. కొత్త కట్టడములలో పార్కింగు స్థలమున ఐదవవంతునకు చార్జింగు సదుపాయము ఉండవలెనని 2019లోనే కేంద్రము నమూనా నిబంధనలు సవరించినది. పాత అపార్టుమెంట్లకు ఆ బుద్ధి ఇరుగుపొరుగువారే నేర్పవలసియున్నది.

దూరప్రయాణమును గుఱించి ఒక్కమాట. హైదరాబాదునుండి విజయవాడకు 270 కిలోమీటర్లు. 30 యూనిట్ల బ్యాటరీ గల కారునకు ధ్రువపత్రములో 300 కిలోమీటర్లకు పైగా వ్రాసియున్నను, ఏసీ వేసి హైవే వేగముతో పోవునప్పుడు 200 కిలోమీటర్లు దాటుట దుర్లభము. కావున సూర్యాపేటలో ఆగి చార్జింగు గన్ను తగిలించి, టిఫిను ముగించునంతలో నూటికి ఎనుబది వంతులు నిండించుకొని పోవలెను. ఎనుబది దాటినపిమ్మట నిండుట మిక్కిలి మందగించును. సాధారణ దినములలో ఇది శ్రమ కాదు. సంక్రాంతికి చౌటుప్పల్ కడ పంతంగి టోల్‌గేటు ముందు కార్లు కిలోమీటర్ల పొడవున బారులు తీరునప్పుడు ఈ మార్గమున ఉన్న గన్నులు చాలవు. పండుగకు ఊరు పోవువాడు ముందురోజు రాత్రియే బయలుదేరుట మేలు.

"మీ పొగ రామగుండము విద్యుత్కేంద్రములో వచ్చును, అంతియే గదా" అని ఆక్షేపించువారు గలరు. ఆ ఆక్షేపణను గౌరవింపవలెను. మన కరెంటులో అధికభాగము ఇప్పటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది. యూనిట్టు ఒక్కింటికి సగటున 700 గ్రాములకు పైగా బొగ్గుపులుసు గాలి వెలువడుననుకొన్నను, స్కూటరునకు కిలోమీటరుకు ముప్పది గ్రాముల లోపు. పెట్రోలు స్కూటరునకు ఏబది గ్రాములు. బ్యాటరీని తయారుచేయునప్పుడు వెలువడిన పొగ వేఱుగా తలపై నున్న అప్పు; అదియు తిరిగిన కిలోమీటర్లతోనే తీరును, నిలిపియుంచినచో తీరదు. అటకామా ఉప్పునేలలలో లిథియము కొఱకు ఆవిరియగు నీరు, కాంగో గనులలో కోబాల్టు త్రవ్వు పిల్లల చేతులు, ఇవి మన వెలలో చేరని వెలలు. కోబాల్టు అక్కఱలేని ఇనుప ఫాస్ఫేటు బ్యాటరీలు మన దేశపు కార్లలో, బస్సులలో వ్యాపించుట కొంత ఊఱట. కర్నూలు ప్రాంతములోని వేయి మెగావాట్ల సౌరక్షేత్రము వంటివి పెరిగినకొలది, ఇప్పుడు కొన్న బండియే ఏటికేడు శుభ్రమగుచు పోవును. పెట్రోలు బండి పాతబడినకొలది మలినమగును. పగటిపూట ఎండ కరెంటు సమృద్ధిగా ఉన్నవేళ ఆఫీసులలో చార్జింగు పెట్టుకొను వీలు కల్పించినచో ఈ లాభము ఇంకను హెచ్చును.

ఆటో డ్రైవర్లను గుఱించి చెప్పక ఈ వ్యాసమును ముగింపజాలను. విజయవాడ బెంజి సర్కిలు కడ ఎక్కిన ఒక విద్యుత్ ఆటోలో డ్రైవరును అడుగగా అతడిట్లనెను: "గ్యాసుకు పోసే డబ్బు చేతిలోనే ఉంటోంది సార్. నడుం నొప్పి కూడా తగ్గింది, అదురు లేదు కదా. కానీ ఫైనాన్సు వాళ్లు వడ్డీ ఎక్కువేశారు. రేపు ఈ బండి మళ్లీ అమ్ముడుపోతుందో లేదో వాళ్లకే నమ్మకం లేదంట. ఇంటి ఓనరుగారేమో మీటరు గిర్రున తిరుగుతోందని రోజూ గొడవ." ఆ నాలుగు మాటలలో లాభమును, నష్టమును, వానికి మూలమును అన్నియు ఉన్నవి. రోజంతయు తిరుగువానికి వడ్డీ హెచ్చు. ఆదివారము మాత్రము తిరుగువానికి బ్యాంకు పిలిచి తక్కువ వడ్డీకి ఇచ్చును. సబ్సిడీయైనను పన్నుమినహాయింపైనను ముందుగా చేరవలసినది దినమునకు నూఱు కిలోమీటర్లు తిరుగు చక్రమునకని నా దృఢాభిప్రాయము. ఆ చక్రము పొగ మానినప్పుడే వీధికి ఊపిరి యాడును. ఆ డ్రైవరు ఇంటనే మిగులు కనబడును. క్లచ్చు ప్లేట్లు, ఇంజను ఆయిలు మార్చి బ్రదుకు ఆటోనగర్ మెకానిక్కులకు ఈ కొత్తపని నేర్పు శిక్షణ కూడ ఈ సబ్సిడీలలో భాగమే కావలెను. వారి చేతులలోని నేర్పు చిన్నది కాదు, దానిని పోగొట్టుకొనుట మనకే నష్టము.

కొనదలచిన చదువరి తన దినపు కిలోమీటర్లను ఒక నెల వ్రాసి చూచుకొని నిశ్చయించుకొనుగాక. ఇప్పటికే సొంత ఫ్లాటు గలవారికి నా మనవి వేఱు. మీ క్రింది అంతస్తున అద్దెకున్న కుఱ్ఱవాడో, మీ వీధి చివఱ ఆటో నిలుపుకొను కుటుంబీకుడో ఈ బండి కొనియున్నచో, లేక కొనగోరి వెనుదీయుచున్నచో, అతనికి సెల్లారులో ఒక సబ్‌మీటరు, ఒక 16 ఆంపియర్ల సాకెట్టు, సరియైన ఎర్తింగు ఇప్పించుడు. కరెంటు వెల అతడే కట్టుకొనును. ఈ నెల అసోసియేషను సమావేశములో ఆ మాట ముందుగా ఎత్తువారు మీరే కండు.